అన్నం తినమన్నారు

మా అత్తగారు నన్ను తిట్టడం మానేసిన వేసవి అది. అరవై నాలుగో సంవత్సరం.

అంతకు ముందు మాఘమాసంలో ఆవిడ శ్రీకాకుళం నుంచి బియ్యం మూటతో టాటానగర్ వచ్చి, సీతారాండేరాలో మా ఇంటి ముందు రిక్షా దిగింది. ఆ రోజు మొదలు పొయ్యి దగ్గర నేను చేసిన పని ఏదీ ఆవిడకు నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం ఒక్కటే. ఆవిడ కొడుక్కి నేను అన్నం పెట్టడం లేదు.

మా ఆయన రోలింగ్ మిల్లులో క్రేను నడిపేవారు. చక్కెర జబ్బు ఉందని పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. డాక్టరు చెప్పినదాంట్లో సగం పాటించి సగం నవ్వేసి అన్నేళ్లూ నెట్టుకొచ్చారు. ఆ చలికాలం చూపు మసకబారింది. కింద మనుషులు తిరిగే చోట చూపు సరిగా లేనివాడిని పైన కూర్చోబెట్టరు కదా, క్రేను మీంచి దింపి టైమాఫీసులో లైట్ డ్యూటీ వేశారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బూట్లు విప్పుకుంటూ, "గౌరీ, ఇంక నువ్వేటి పెడితే అదే తింటాను," అన్నారు. నేను దాన్ని ఒట్టులాగా తీసుకున్నాను.

డాక్టరుగారు బెంగాలీ ఆయన. తక్కువ మాట్లాడే మనిషి. అన్నం వద్దు, దుంపలు వద్దు, బెల్లం చక్కెరల మాట ఎత్తవద్దు అన్నారు. గోధుమ రొట్టె, ఆకుకూరలు పెట్టమన్నారు. పప్పు, గుడ్డు, చేప కావలసినంత పెట్టవచ్చునన్నారు. రొట్టె చేయడం నాకు రాదు. మా వైపు గోధుమపిండి అంటే పండగనాడు పూరీలే. పక్కింటి బీహారీ ఆవిడ మిసిరాయిన్ నా చేతుల మీద తన చేతులు వేసి, పిండి ఎంత మెత్తగా ఉండాలో, రొట్టె ఎప్పుడు తిరగేయాలో నేర్పింది. నా రొట్టె మొదటిసారి పొంగినప్పుడు ఆవిడ తన కోడలిని పిలిచి మరీ చూపించింది.

నేను విశాఖపట్నంలో బీయస్సీ చదివాను. పెళ్లయ్యాక ఆ చదువుకి దొరికిన పని ఒక్కటే. పొద్దున్నే గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఆయన మూత్రం కొన్ని చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేదాన్ని. ఇటుక రంగుకి తిరిగితే చక్కెర బాగా పోతోందని అర్థం. పసుపైతే కొంత నయం, ఆకుపచ్చైతే ఇంకా నయం. నీలంగానే ఉండిపోతే చక్కెర లేదన్నమాట. రంగును బట్టి ఇన్సులిన్ సూది, రంగును బట్టి ఆ పూట వంట. మాఘంలో అంతా ఇటుక రంగే.

అత్తగారు ఈ తతంగమంతా గుమ్మానికి ఆనుకుని చూసేది.

"ఓలమ్మ, ఏటిది? సెప్పు అట్టలాగుంది," అని ఒకరోజు రొట్టె తీసి వెలుగులోకి పట్టుకుంది. "ఇది తినా నా కొడుకు కార్ఖానాకెల్తన్నాడు?"

"డాక్టరుగారు చెప్పారు అత్తయ్యా."

"డాకటేరు సెప్పినాడు, డాకటేరు సెప్పినాడు! ఆడమ్మ ఆడికి బువ్వెట్టనేదా? ఉడుకు ముద్ద నోట్లో పడనోడు మనిసెలాగవుతాడే? గడ్డీ గాదం ఏసి గొడ్డుని మేపినట్టు మేపుతన్నావు."

మా అమ్మాయి పద్మకుమారి అప్పుడు అయిదో క్లాసు. తెలుగు అంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలోనే. పలక మీంచి తల ఎత్తకుండా, "మామ్మా, గాయ్ తో దూద్ భీ దేతీ హై," అంది.

"ఏటంటాదే ఈ గుంట?"

మా ఆయన పొలమారేలా నవ్వారు. "గడ్డి తింటే ఆవు పాలు కూడా ఇత్తాది కదా అంటాదమ్మా. నాను జీతం ఇత్తన్నాను కదే, అవే పాలు."

"నవ్వు. నవ్వరా. మీ అయ్య కూడా ఇలాగే నవ్వీవోడు," అని ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

కొడుకు రొట్టె తింటుంటే ఎదురుగా కూర్చుని అన్నం తినడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. ఆయన డ్యూటీకి వెళ్లేదాకా ఆగి, ఇంట్లో మగవాళ్లెవరూ లేకపోయినా వంటింటి తలుపు వెనక్కి కంచం తీసుకెళ్లి దొంగతిండిలా తినేది. ఊరి నుంచి తెచ్చిన మూటలోంచి కొంత బియ్యం తీసి వేరే గుడ్డలో కట్టి తన మంచం కింద పెట్టుకుంది. అవి రెండేళ్ల పాత బియ్యం. ఆ ఏడాది రేషను దుకాణంలో బియ్యం దొరకడమే గగనం. అయినా ఆ మూట ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"అది పత్యానికి," అనేది.

జ్వరం పడి లేచినవాడికి లంఖణాలు అయ్యాక, తలకి పోసి, పాత బియ్యం మెత్తగా వండి మొదటిసారి అన్నం పెట్టడాన్ని పత్యం పెట్టడం అంటారు. పత్యం తిన్నాడూ అంటే బతికి బయటపడ్డాడన్నమాట. ఊళ్లో ఎవరింట్లో పత్యం పెడుతున్నా నలుగురూ వచ్చి చూసిపోతారు. చక్కెర జబ్బుకి అలాంటి రోజంటూ రాదని ఆవిడకి చెప్పే ధైర్యం నాకు గాని ఆయనకు గాని లేకపోయింది. ఆ మూట అలాగే ఉంది.

*

ఉగాది వెళ్లాక గొట్టంలో రంగు తిరగడం మొదలుపెట్టింది. ఇటుక రంగు పోయి పసుపు వచ్చింది. పసుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. ఒక పొద్దున ఎంత కాచినా రంగు మారలేదు. మంట పెంచాను. నీలమే.

గొట్టం చల్లారనిచ్చి ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. కిటికీ వైపు ఎత్తి పట్టుకుని కళ్లు చికిలించి చూశారు.

"నాకు నీలం, నలుపు ఒకలాగే ఉన్నాయి. నువ్వు సెప్పు, ఏ రంగు?"

"నీలం."

"పక్కా?"

"పక్కా."

"షాబాష్!" అన్నారు. ఆ రోజు టైమాఫీసులో కనబడినవాడికల్లా, "మా ఇంట్లో డాక్టరుంది, ఫీజు నేదు," అని చెప్పుకున్నారట. మా వెనక వీధిలో ఉండే ధనమ్మ సాయంత్రం వచ్చి, వాళ్లాయన కోసం తనకూ రొట్టెలు నేర్పమని అడిగింది. ధనమ్మది మా అత్తగారి పక్క ఊరే. నేను ఆ రాత్రి గుడ్లు రెండు ఎక్కువ వేసి కూర చేశాను.

మా అత్తగారు మాత్రం గొట్టం వైపు చూడలేదు.

"నీలవయితే ఏటి, ఎరుపయితే ఏటి? మనిసి మొకం సూడు."

ఆయన ముఖం నిండుగా ఉంది. ఇరుగుపొరుగు వాళ్లు ఒళ్లు చేశారన్నారు. నేనూ కాదనలేదు. కాని ఒళ్లు చేసిన మనిషికి రొట్టె సగంలో ఆగిపోతుందా? "నోట్లో ఇనుం నాకినట్టుందే," అనేవారు. పొద్దున్న కళ్ల కింద ఉబ్బు ఉండేది. సాయంత్రానికి అది పాదాలకు దిగేది. బూట్ల తాడు వదులు చేస్తే కాని కాలు దూరేది కాదు. మేజోడు తీసిన చోట దాని అంచు గుంటలా పడి చాలాసేపు నిలిచి ఉండేది.

వైశాఖంలో ఒకరోజు, సూది వేయించుకుని డ్యూటీకి వెళ్లిన ఆయన్ని ఇద్దరు మనుషులు పట్టుకుని రిక్షాలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమట, మాట ముద్దగా ఉంది. నీలం రంగుకని తగ్గించిన మోతాదే, ఆ రోజు అదీ ఎక్కువైపోయింది. మా ఇంట్లో చక్కెర లేదు. చాలాకాలంగా కొనడం లేదు. మిసిరాయిన్ గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. నీళ్లలో కలిపి చెంచాతో ఆయన నోట్లో పోశాను. కాసేపటికి కళ్లు తెరిచి పెదాలు నాక్కుని, "ఏటిది, చక్కెరా? నీ సేత్తోనే?" అన్నారు.

మర్నాడు ఆసుపత్రిలో రక్తం తీసుకున్నారు. వారం తిరిగాక రమ్మన్నారు.

*

ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరుగారు నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేవారు.

గొట్టంలో రంగు నీలంగా ఉంటోందని చెప్పాను. నాకు తెలిసిన మంచి కబురు అదొక్కటే.

"అవును," అన్నారు. "మూత్రపిండాలు పని మానేస్తున్నాయి. వడకట్టడం తగ్గిపోతే చక్కెర కూడా బయటికి రాదు. ఇన్సులిన్ కూడా ఒంట్లోనే నిలిచిపోతుంది. ఆయన పడిపోయింది అందుకే."

ఆయన చీటీ రాయడం మొదలుపెట్టారు.

"ఇక మీదట పప్పు వద్దు. గుడ్డు, చేప, మాంసం వద్దు. ఉప్పు పూర్తిగా మానేయండి. నీళ్లు కొలిచి ఇవ్వండి."

నేను పెడుతున్నవన్నీ అవే. "మరి ఏం పెట్టను?" అని అడిగాను.

"అన్నం పెట్టండి. నెయ్యి వేసి పెట్టండి. చక్కెర కూడా కొద్దిగా ఫరవాలేదు."

"చక్కెరా?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడవాల్సిన అవసరం ఉన్నట్టు లేదు. "మీ వంటలో లోపం లేదమ్మా. మీరు చేసింది చక్కగా చేశారు," అన్నారు.

కలకత్తా తీసుకెళ్తే ఏమైనా ఉంటుందా అని అడిగాను. అక్కడా ఇదే చెబుతారనీ, అంత దూరం ఆయన్ని అలసిపెట్టవద్దనీ అన్నారు. నేను లేచి తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి అడిగారు.

"ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఆయన తల్లి వచ్చి ఉన్నారు."

"ఉండమనండి. ఇప్పుడే పంపకండి."

మా ఆయనకి మిగిలిన రోజుల గురించి డాక్టరుగారు మాట్లాడుతున్నారని నాకు అర్థమైంది. అవి ఎన్నో లేవని కూడా అర్థమైంది. బయటికొచ్చే ముందు నడవాలో గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"ఏటన్నాడు?" అన్నారు మా ఆయన, నా అడుగు చప్పుడుకే తల ఎత్తి.

నోటికి ముందు వచ్చింది చెప్పాను. "అన్నం తినమన్నారు."

"ఆఁ?"

"అన్నమండీ. నెయ్యి వేసుకుని."

ఆ ముఖం అలా విప్పారడం క్రేను దిగిన తర్వాత నేను చూడలేదు. చెయ్యి అందించబోతే వద్దని తనంతట తానే లేచారు. రిక్షా వాడితో బేరం ఆడారు. కొంత దూరం వెళ్లాక మెల్లిగా అడగడం మొదలుపెట్టారు.

"పప్పు?"

"పప్పు వద్దన్నారు."

"సేప?"

"వద్దు."

"గుడ్డు కూడానా?"

"గుడ్డు కూడా."

"ఉప్పు?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఇంటికి చేరేదాకా మరేమీ అడగలేదు.

*

"అన్నం తినమన్నాడా!" అంటూ మా అత్తగారు నడవాలో అక్కడే కూలబడిపోయింది. వెంటనే లేచింది. "పప్పొద్దన్నాడా? మరి పత్యానికి పప్పెవులెడతారు? సేపెవులెడతారు? ఉప్పు కూడా ఒద్దన్నాడా? ఒద్దంటాడు మరి! అరగొద్దేటి? ఈ డాకటేరు మంచోడేనే. ఇన్నాళ్లూ ఆడి మాట నువ్వే సరిగ్గా ఇన్నేదు గావాల."

ఆవిడ పొరబాటు పడిందని ఎలా అనను? డాక్టరు మానమన్నవన్నీ మా వైపు తరతరాలుగా పత్యానికి పెట్టకూడనివే. పెట్టమన్నవి పత్యానికి పెట్టేవే. ఇద్దరి మాటా అక్షరం తేడా లేకుండా కలిసింది.

మంచం కింద మూట బయటికి వచ్చింది. ఆవిడ రెండు రోజులు బియ్యం ఏరింది, ఏరినవే మళ్లీ ఏరింది. గురువారం మంచిదని నిర్ణయించింది. వీధిలో తెలుగువాళ్లందరికీ తనే వెళ్లి చెప్పివచ్చింది. ధనమ్మ లేత బీరకాయలు కొంగులో పోసుకుని వచ్చి, "మాకు నేదేటి పత్యం? మేవేటి పాపం సేసినాం?" అంది.

"నీకెందుకే, నువ్వు లంకణం ఎరగవు," అంది అత్తగారు. అంతా నవ్వారు. నేనూ నవ్వానేమో. కూర పొయ్యి మీద ఉందని వంటింట్లోకి వెళ్లిపోయాను.

గురువారం పొద్దున ఆవిడే కాగు పెట్టి, ఆవిడే కొడుక్కి తలకి పోసింది. నలభై దాటిన మనిషిని వంచి కూర్చోబెట్టి వీపు రుద్దుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నారు. చలవ పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నారు. మెత్తటి అన్నం, నేతిలో మగ్గిన బీరకాయ, ఉప్పు లేని మిరియాల చారు. గుమ్మంలో ధనమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లు, మిసిరాయిన్. మొదటి ముద్ద తల్లి కలిపి నోట్లో పెట్టింది.

"ఎలాగుందిరా?"

"మనూరి బియ్యంలాగుందమ్మా."

"మనూరివే కదరా, ఎర్రోడా!"

గుమ్మంలో నవ్వులు. ఆయన తిన్నారు. కంచంలో పెట్టినదంతా తిన్నారు. ప్రతి ముద్దనూ చాలాసేపు నోట్లో తిప్పి, మెడ కొంచెం ముందుకు చాచి మింగారు. నేను నెయ్యి గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. మారు వడ్డించబోతే మోకాలి పక్క నుంచి ఎవరికీ కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టారు.

చెయ్యి కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లారు. కుళాయి పూర్తిగా తిప్పిన చప్పుడు వినబడింది. ఆ నీళ్ల చప్పుడు కింద ఇంకో చప్పుడు. నేను వెళ్లేసరికి గోడకి చెయ్యి ఆన్చి వంగి ఉన్నారు. నన్ను చూసి తల అడ్డంగా ఊపారు. తిన్న అన్నం నీళ్లతో పాటు కాలువలోకి పోతోంది. నేను చెంబుతో ఇంకొన్ని నీళ్లు పోసి అక్కడంతా కడిగేశాను.

లోపల అత్తగారు ఆడవాళ్లకి తాంబూలాలు ఇస్తోంది. నేను రాగానే అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నా నోరు మంచిది కాదే తల్లీ. ఎన్నన్నాను నిన్ను! నీ సేతి గడ్డే నా కొడుకుని బతికించినాది."

అప్పటి నుంచి ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కూర మాడితే, "పోనీలే, అలిసిపోయినావు," అనేది. నేను రొట్టె కాలుస్తుంటే పక్కన కూర్చుని తన వంతు రొట్టె అడిగి తినేది. బాగుందని కూడా అంది. ఆ మంచితనాన్ని భరించడం నాకు తిట్ల కన్నా కష్టమైంది.

*

పత్యం అయ్యాక ఆవిడకి మొక్కు గుర్తుకొచ్చింది. కొడుకు అన్నం తింటే అసిరితల్లికి చీర పెడతానని మొక్కుకుందట. జ్యేష్ఠంలో ఊళ్లో అమ్మవారి పండగ. ధనమ్మ ఎలాగూ వెళ్తోంది, తోడు కుదిరింది. ఆషాఢం వెళ్లాక వచ్చేస్తానంది. మా ఆయన వెంటనే సరేనన్నారు.

ఆ మధ్యాహ్నం అత్తగారు ధనమ్మ ఇంటికి వెళ్లింది. వరండాలో వట్టివేళ్ల తడకకి నీళ్లు కొట్టి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యని ఉండమని చెప్పారు డాక్టరుగారు," అన్నాను.

"తెలుసు."

"మీకెలా తెలుసు? మీరు బయట ఉన్నారు."

ఆయన కాళ్లు బల్ల మీద చాచుకుని ఉన్నారు. వాపుతో వేళ్లు దూరదూరంగా ఉన్నాయి. "మిల్లులో నోటీసు అందుకున్నోడి మీద ఫోర్మన్ కేకలెయ్యడే," అన్నారు. "ఆలస్యంగా వచ్చినా ఏటనడు, బీడీ కాల్చినా ఏటనడు. 'జానే దో' అంటాడు. నన్ను అన్నం తినమన్నాడంటే నాకు తెల్దేటి?"

తడక వైపు చూశాను.

"మరి ఆవిడకి చెప్పాలి కదండీ."

"సెప్పకు."

"తల్లి."

"అందుకే. నువ్వయితే నా మొకం సూసి కంచం తీసేత్తావు. అమ్మ తియ్యదు. కూకుని సూత్తాది. రోజుకి రెండు పూటలు ఆవిడ ముందు తినాల. తిని పెరట్లోకెల్లాల. నా వల్ల అవడం నేదు గౌరీ."

"అక్కడికి వెళ్లాక మీకు... ఆవిడకి కబురు అందేసరికి..."

"తెలుసు," అన్నారు మళ్లీ. "మా అమ్మ సంతోసంగా రైలెక్కడం నానెప్పుడూ సూడనేదు. మా అయ్య పోయినప్పుడెక్కినాది, సెల్లి పోయినప్పుడెక్కినాది, నాకు బాగోనేదంటే ఎక్కినాది. ఈ ఒక్క తూరీ ఎక్కనీ," అన్నారు.

పద్మ బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి, "బాబూజీ, ఆజ్ భీ చావల్?" అని అడిగింది. "హాఁ బేటీ, అన్నమే," అన్నారు ఆయన. ఆ మాట నవ్వుతూనే అన్నారు.

నేను సరేనన్నాను.

*

ప్రయాణం రోజు ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. స్టేషను దాకా రావడానికి శక్తి లేదు. ఎండ అని వంక పెట్టారు. అత్తగారు ఆయన గడ్డం పట్టుకుని, "అన్నం మానకు," అంది. "మాననమ్మా," అన్నారు. ఆవిడ రిక్షా ఎక్కి, వీధి మలుపు తిరిగే దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఆయన వేళ్లతో గుమ్మాన్ని పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆ దూరానికి మేమెవరమూ ఆయనకి కనబడమని నాకు తెలుసు.

టాటానగర్ ప్లాట్‌ఫారం మీద బండి సిద్ధంగా ఉంది. ఖరగ్‌పూర్‌లో మారాలి. ధనమ్మ ముందే ఎక్కి, మూటలు అడ్డం వేసి, ఇద్దరికీ కిటికీ పక్కన చోటు పట్టింది. అత్తగారు అమ్మవారి చీర కట్టిన పసుపు గుడ్డ మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కిటికీ ఊచ పట్టుకుని కింద నిలబడ్డాను.

"ఇంటన్నావా?" అంది. "ఆడికి అన్నం మెత్తగా వండు. ఎసట్లోనే కూసింత నెయ్యెయ్యి. ఆసాడంలో పనసగింజలొత్తాయి కదా, ఉడకబెట్టి కూర సెయ్యి. ఉప్పు నేకపోయినా తియ్యగుంటాయి."

తల ఊపాను.

"సావనంలో అరిటి దూట దొరికితే సన్నగా తరిగి పెట్టు. నాకప్పటికి ఎలాగా రావడవవుద్ది. ఏ కారణానన్నా అవనేదనుకో, నువ్వే సెయ్యి."

తల ఊపాను.

"బాదరపదం వానలకి పొట్లకాయ బాగుంటాది. గింజ తీసీ. అప్పటికి కాత్త ఉప్పు తగలనిత్తారేమో అడుగు డాకటేర్ని."

నా తల కదలలేదు. ఆవిడ గమనించలేదు. ఆవిడ కళ్ల ముందు ఏడాదంతా వండి వార్చి ఉంది.

"కొత్త బియ్యం వచ్చినాయని తొందరపడి పెట్టకు, అరగవు. మాగంలో నానే పాతవి పంపుతాను. వచ్చే ఏడు మావిడికాయలొచ్చీసరికి ఆడు గట్టిపడతాడు. అప్పుడు ఇద్దరం కూకుని ఆవకాయెట్టుకుందుం. ఆడికి ఎర్రగా ఉండాల, తెలుసు కదా, ముక్క కూడా..."

గార్డు ఈల వేశాడు.

"అత్తయ్యా, దిగండి," అన్నాను.

ఆవిడ నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది.

"ఏటే?" అంది ధనమ్మ పక్క నుంచి. "టికెట్టు మరిసిపోనావేటి? బండి కదిలిపోతాదే!"

నేను ధనమ్మ వైపు చూడలేదు. మా అత్తగారు కిటికీ ఊచల మధ్య నుంచి నా ముఖంలోకి చూసింది. ఎందుకని అడుగుతుందనుకున్నాను. ఆవిడ అడగలేదు. పసుపు గుడ్డ మూట తీసి ధనమ్మ ఒళ్లో పెట్టింది.

"అమ్మోరికి నువ్విచ్చీ."

"నువ్వు రావడం నేదేటి? మరి నీ పేరున ఏటని మొక్కమంటావు?"

"ఏటీ మొక్కొద్దు. ఇచ్చీ, అంతే."

దారిలో కూర్చున్నవాళ్లని, "కూసింత జరగండి నాయినా," అంటూ తన సంచీ తనే పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. బండి కుదుపు తీసుకుంది. చెయ్యి అందించాను. గట్టిగా పట్టుకుని దిగింది. దిగాక కూడా వదల్లేదు. బండి పూర్తిగా వెళ్లిపోయేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో ఆవిడ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జుగ్‌సలాయి దుకాణాలు చూస్తూ కూర్చుంది. ఎండకి కూరలు వాడిపోకుండా అమ్మేవాళ్లు గోనెల మీద నీళ్లు చిలకరిస్తున్నారు. ఆయనకి ఏం చెప్పాలో నేను ఆలోచిస్తున్నాను. బండి తప్పిపోయిందని చెబుదామా? నమ్మరు. నేను మాట తప్పానని గుమ్మంలోకి అడుగు పెట్టకముందే ఆయనకు తెలిసిపోతుంది.

మా వీధి దగ్గర పడుతుండగా ఆవిడ కొంగు తీసింది.

"రేతిరికి అన్నం వండకు," అంది. "ఆడికి దిగడం నేదు. ఏది దిగితే అదే పెడదుం."